ఘాటు రోడ్డు - పాత కారు కమానులు

విశాఖపట్నమునుండి అరకులోయకు మోటారు దారి నూటపది కిలోమీటర్లకు పైబడి ఉండును. శృంగవరపుకోట వరకు అది మైదానపు దారియే. ఆ పిమ్మట కొండ ప్రారంభమగును. అనంతగిరి మీదుగా, కాఫీ తోటల నడుమ, మలుపు వెంట మలుపుగా ఎక్కి, సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైబడిన లోయను చేరును. ఎక్కునప్పుడు ఈ దారి ఇంజనును పరీక్షించును. దిగునప్పుడు బ్రేకులను పరీక్షించును. బండి క్రింద ఎవరి కంటను పడక యుండు కమానులను, షాక్ అబ్జార్బర్లను అంతకంటె గట్టిగా పరీక్షించును. ఇంజను బలహీనమైనచో బండి నిలిచిపోవును. కమానులు చెడినచో బండి నిలువదు, అదియే చిక్కు.

మా ఇంట 1970ల నాటి అంబాసిడరు ఒకటి కలదు. తండ్రిగారి కాలమునుండి ఉన్నది. పాత వాల్వుల రేడియోను బాగుచేయించి దాచుకొన్న గృహస్థులకు ఈ మమకారమును గూర్చి వేరుగా చెప్ప పనిలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక శీతకాలమున అమ్మను, పిల్లలను ఎక్కించుకొని అరకు పోవలెనని తలచితిమి. బండి వెనుక భాగము క్రుంగియున్నదని మరమ్మతు చేయువారికి చూపించితిమి. వారు ఎక్కువ ఆలోచింపలేదు. రెండు ప్రక్కల కమాను కట్టలకు ఒక్కొక్క పట్టీ అదనముగా వేసి, “ఇంక రాళ్లు నింపినా కుంగదు సార్” అనిరి. నిజముగనే క్రుంగలేదు. వెనుక భాగము గర్వముగా పైకి లేచినది. మేమును సంతోషించితిమి.

తిరుగు ప్రయాణమున, అనంతగిరి దిగి వచ్చుచుండగా, ఒక మలుపులో తారు లేచి గతుకులు పడిన చోట వెనుక చక్రములు నేలను తన్ని, నేలను విడిచి, మరల తన్నినవి. ఆ రెండు మూడు తన్నులలోనే బండి వెనుక భాగము లోయవైపునకు జానెడు జరిగినది. అక్కడ పిట్టగోడ ఉన్నది, దానిని తాకలేదు. అమ్మ ఒక్క మాటయు అనలేదు. మైదానమునకు వచ్చి బండి ఆపిన తరువాత, నడుము పట్టుకొని మెల్లగా దిగి, “ఈసారి రైల్లో వద్దాం నాయనా” అన్నది.

క్రుంగిన కమానుకు పట్టీ చేర్చుట తప్పెట్లగును? ఈ ప్రశ్నకు సమాధానము కమాను చేయు పనిలోనే ఉన్నది.

రెండెడ్ల బండికి కమానులు లేవు. రాయి ఎక్కినచో బండియంతయు ఎక్కవలసినదే. జట్కాకు కమానులు ఉండెడివి. చక్రము రాయి నెక్కినప్పుడు కమాను వంగును, పైనున్న పెట్టె అంతగా కదలదు. కారునందును సూత్రము అదియే. బండి నిశ్చలముగా నిలిచియున్నప్పుడు తన బరువుతో కమానును ఎంత వంచునో, ఆ వంపునుబట్టి దాని ఊపు ఏర్పడును. బరువునకు కమాను 16 సెంటీమీటర్లు వంగునదైనచో బండి సెకనుకు సుమారు ఒకటింబావు మారు ఊగును. 4 సెంటీమీటర్లే వంగు బిరుసు కమానైనచో సెకనుకు రెండున్నర మారులు. వంపు నాలుగవ వంతైనచో ఊపు రెట్టింపగునన్నమాట. సెకనుకు ఒకటి, ఒకటిన్నర మారుల ఊపును మన దేహము సులభముగా ఓర్చుకొనును. నాలుగునుండి ఎనిమిది మారుల వణుకు నడుమునకు, కడుపునకు అన్నిటికంటె బాధాకరము. అమ్మ నడుము పట్టుకొని దిగుట ఊరక జరిగినది కాదు.

ఇక పట్టీల లెక్క. ఒకే మందము గల పట్టీలు ఐదుండగా ఆరవది చేర్చినచో బిరుసు ఇంచుమించు ఐదవ వంతు పెరుగును. కాని పట్టీ మందము రెట్టింపైనచో దాని బిరుసు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లగును. మా బండికి వేసినవి వేరొక బరువు బండినుండి కోసిన మందపు పట్టీలని తరువాత విప్పించినప్పుడు తెలిసినది. అంత బిరుసెక్కిన కమాను గతుకులో వంగుటకు బదులు చక్రమును, దానితోపాటు బండిని, పైకి ఎగురవేయును. చక్రము గాలిలో నున్న క్షణమున స్టీరింగు, బ్రేకు, టైరు ఏవియు పనికిరావు. మలుపులో బండిని దారిమీద నిలుపునది నేలకు అంటియున్న రబ్బరే గదా.

మరమ్మతు చేయువారిలో పలువురు గమనింపని విషయమొకటి ఇచట చెప్పవలెను. క్రుంగిన కమాను మెత్తబడిన కమాను కాదు. ఉక్కు ముసలిదైనను దాని బిరుసు తగ్గదు. దాని విల్లు మాత్రమే సడలును. ఏండ్ల తరబడి బరువు మోసి మోసి పట్టీలు చదునగును. కావున చేయవలసినది పట్టీ చేర్చుట కాదు, ఉన్న పట్టీలకు మరల విల్లు తీయించుట. పగులున్నచో క్రొత్తవి వేయించుట. మా బండి కమానులను ఆటోనగరులో ఒక కమాను మేస్త్రికి అప్పగించితిమి. ఆయన కట్ట విప్పి, పట్టీలను కొలిమిలో కాల్చి, విల్లు తీసి, నూనెలో ముంచి పదును పెట్టెను. ఈ పదును సరిగా లేనిచో పట్టీ కొన్ని నెలలకే మరల చదునగును, లేదా పెళుసెక్కి విరుగును. పట్టీల నడుమ తుప్పును గీకి గ్రీజు రాసెను. తుప్పు బిగిసిన కట్ట ఒకే దుంగవలె ప్రవర్తించును. మేము క్రొత్త కమానులు కావలెననుకొన్న కరకుదనములో కొంత ఈ తుప్పువలననే కలిగినదట.

కమాను శక్తిని దాచుకొనును, పోగొట్టదు. వంగినది మరల లేచును, మరల వంగును. ఆ ఊపును మ్రింగి వేడిగా మార్చునది షాక్ అబ్జార్బరు. దానిలో నూనె సన్నని రంధ్రములగుండ త్రోయబడును; పని అంతయు అదియే. దీనిని ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. బండి మూలపై రెండు మూడు మారులు బరువుగా అదిమి విడువుడు. పైకి లేచి, ఒకమారు దిగి నిలిచినచో అది బ్రతికియున్నది. ఊగుచునే యున్నచో దాని పని అయిపోయినది. అయితే తుప్పుపట్టి బిగిసిన కమానులు ఈ పరీక్షను మోసగింపగలవు. కదలనే కదలని బండి మంచి బండియని భ్రమపడరాదు.

పాత అంబాసిడరు ముందు భాగమున మరియొక విశేషము కలదు. ఈ బండి ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణికి మన దేశపు రూపము. కలకత్తాకు చేరువనున్న ఉత్తరపారా కర్మాగారమున 1950ల చివరినుండి 2014 వరకు తయారైనది. ముందు చక్రములకు చుట్టల స్ప్రింగులు గాని కమానులు గాని లేవు. బండి పొడవునకు సమాంతరముగా ఇరుప్రక్కల రెండు ఉక్కు కడ్డీలుండును. చక్రము లేచినప్పుడు, తడిబట్టను పిండునట్లు, ఆ కడ్డీ మెలిపడి మరల విడును. టార్షన్ బారు అనునది ఇదియే. అలెక్ ఇస్సిగోనిస్ రూపొందించి 1948లో వెలువడిన మోరిస్ మైనరులోను ఇదే పద్ధతి. ముందు భాగము క్రుంగినచో బారు చివరనున్న ఏర్పాటుతో ఎత్తు సరిదిద్దవచ్చును. దానివలన బండి లేచునే గాని బిరుసు పెరుగదు. లావు కడ్డీ వేసినచో మాత్రము జాగ్రత్త: వ్యాసము రెట్టింపైన బిరుసు పదునారు రెట్లగును. కుడి ఎడమలు మార్చరాదు. ఇన్నాళ్లు ఒకవైపు మెలికకు అలవడిన ఉక్కును ఎదురు మెలిక త్రిప్పిన విరుగవచ్చును. కడ్డీపై సుత్తి దెబ్బ, ఉలి గీత పడనీయరాదు. పగులు మొదలగునది అచ్చటనే.

పాత నమూనాలలో ముందు షాక్ అబ్జార్బరు గొట్టమువలె ఉండదు. చేయి గల చిన్న ఇనుప పెట్టెవలె ఉండును. ఆ చేయియే చక్రమును పైన పట్టుకొను చేయి కూడ. కనుక క్రొత్త తరహా గొట్టపు షాక్ అబ్జార్బర్లను అమర్చినను ఈ పెట్టెను తీసివేయుట వీలుకాదు. తీసినచో చక్రమునకు పై ఆధారమే పోవును. మేము క్రొత్తవి పెట్టించలేదు. పాతవాటి సీళ్లు మార్చి, వాటికి తగిన పలుచని నూనె పోయించితిమి. ఇంజను నూనె పోయుట మన షెడ్లలో వాడుకయే గాని అది చిక్కనిది. చలి ఉదయమున పెట్టె దాదాపు బిగిసిపోవును. అరకులో డిసెంబరు తెల్లవారుజామున బండి తీసినవారికి ఇది అనుభవమే.

మోరిస్ మైనరు యజమానులు ప్రపంచమంతట ఎరిగిన భయమొకటి ఉన్నది. ముందు చక్రము తిరుగుటకు ఆధారమైన మరలు గ్రీజు లేక అరిగి ఊడినచో, చక్రము ఒక్కసారిగా ప్రక్కకు మడతపడును. చుట్టరికము గల బండి గనుక మా దానికిని ఆ మరలు విప్పించి చూచితిమి. ఎడమది అరిగియుండెను. ఘాటు దిగునప్పుడు బరువంతయు ముందు చక్రములపైకే వచ్చునని తలచుకొన్నప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కమాను పట్టీలకై వెచ్చించిన ధనము మొదట ఈ మరలకు, బుష్షులకు వెచ్చింపవలసినది.

రబ్బరు బుష్షుల విషయమున ఒక మాట. బండిని జాకీపై వ్రేలాడదీసి వాటి బోల్టులు బిగింపరాదు. చక్రములు నేలపై నిలిచి, బరువు పడిన తరువాత బిగింపవలెను. లేనిచో బుష్షు ఎల్లప్పుడు మెలిపడియే యుండి త్వరలో చినుగును. యూ బోల్టులను కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన తరువాత మరల ఒకమారు బిగింపవలెను. ఎత్తు మారిన బండికి చక్రముల అలైన్‌మెంటు తప్పక చూపవలెను.

ఇదంతయు వినోదయాత్రకు పోవువారి మాటయని కొందరు అనుకొనవచ్చును. సంత రోజున ఆ కొండలలో నడచు జీపులను చూడుడు. లోపల పట్టినంత మంది, వెనుక వ్రేలాడువారు, పైన మూటలు, కోళ్లగంపలు. ఆ జీపులకు అదనపు పట్టీలు వేయుటకు కారణమున్నది. ఆ బరువునకు అసలు కమానులు చాలవు. కాని పట్టీ బరువును మోయగలదే గాని బండి మీదికి పేరుకొన్న ఎత్తును తగ్గింపలేదు. మలుపులో ఒరుగుట ఆ ఎత్తువలననే. సంతనుండి ఊరు చేరుటకు వేరు బండి లేనివారిని ఎక్కవద్దని చెప్పుట సులభము. మరియొక బండి పంపుట కష్టము.

మరుసటి శీతకాలమున అదే దారిని మరల పోయితిమి. అదనపు పట్టీలు ఇంటి పెరటిలో ఉన్నవి, గునపములకు పనికివచ్చునట. అమ్మను ఒప్పించుటకు చాల సేపు పట్టినది. ఆ గతుకుల మలుపు అట్లే ఉన్నది. బండి ఒకమారు లోతుగా ఊగి, నిలిచి, మలుపు తిరిగినది. శృంగవరపుకోట చేరునప్పటికి అమ్మ వెనుక సీటులో నిద్రించుచుండెను. ఎడమ వెనుక షాకిలు బుష్షు మాత్రము ఇంకను కిర్రుమనుచున్నది. వానలకు ముందే దానిని మార్పించవలెను.