ఫైలు మింగిన సెటప్

2015లో విండోస్ 10 వచ్చింది. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరి డీటీపీ సెంటరైనా, ఆదిలాబాద్‌లో దరఖాస్తులు టైపు చేసే చిన్న షాపైనా, తెలుగు పని చేసేవాళ్లకు కొత్త విండోస్ ఒక చిక్కు తెచ్చిపెట్టింది. పాత వర్డ్ ఫైలు తెరిస్తే ఫాంటు పేరు గడిలో ‘గౌతమి’ అనే ఉంటుంది, తెర మీది అక్షరాలు మాత్రం గౌతమివి కావు. లైన్లు జరిగిపోతాయి. ఒక్క పేజీలో ఇమిడిన దరఖాస్తు రెండో పేజీలోకి జారుతుంది. “అన్నా, గౌతమి ఎటు పోయింది?” అని అడిగితే, కంప్యూటర్ బాగుచేసేవాళ్లు మొదట అనుమానించేది వైరస్‌నే.

పాపం, వైరస్‌కు ఇందులో ఏ పాత్రా లేదు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి వాడుకలో ఉన్న గౌతమినీ, విండోస్ 7తో వచ్చిన వాణినీ మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అనే విడి మూటలోకి మార్చింది. అందరికీ అందేది నిర్మలా యూఐ ఒక్కటే. లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు ఉన్న కంప్యూటర్‌కు ఆ మూట తనంతట తానే దిగుతుంది. వేరే కీబోర్డు సాఫ్ట్‌వేర్‌తో తెలుగు కొట్టేవాళ్లకు సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చే అవసరమే పడదు కాబట్టి వాళ్లకు మూట రాదు. ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి రెండు క్లిక్కులు కొడితే గౌతమి తిరిగొస్తుంది.

ఆదిలాబాద్ జిల్లా గుంజాల పేరు మోస్తున్న గోండి లిపి కథ ఇంకో రకం. ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దక్కింది 2018లో. దానికి నోటో ఫాంటు తెచ్చి ఎవరికి వారు వేసుకోవచ్చు. అయితే 2018 చివరి నుంచి విండోస్ 10లో మామూలు యూజర్ వేసుకున్న ఫాంటు ఆ యూజర్ సొంత ఫోల్డర్‌లో కూర్చుంటుంది. అదే కంప్యూటర్‌లో ఇంకొకరు లాగిన్ అయితే వాళ్లకు కనిపించదు. ఉన్న ఫైలే లేనట్టు!

ఇవన్నీ తెలిసి చేసిన మార్పులు. అసలు తమాషా మరోచోట ఉంది. ఎవరూ తీసెయ్యమనకుండానే, అన్నీ సవ్యంగా జరిగాయని చెబుతూనే, ఏదైనా ప్రోగ్రాం అప్‌గ్రేడ్ ఒక్కోసారి ఒక ఫైలును మాయం చేస్తుంది. ప్రోగ్రాం తెరిస్తే ఫలానా డీఎల్ఎల్ (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైలు) దొరకలేదని మొరాయిస్తుంది. ఈ ఘనకార్యం వెనక ఉన్న యంత్రం పేరు విండోస్ ఇన్‌స్టాలర్. తయారీలో ఉన్నప్పుడు దానికి పెట్టుకున్న ముద్దుపేరు డార్విన్. 1999లో ఆఫీస్ 2000తో కలిసి బయటికొచ్చింది.

అంతకుముందు ఏ కంపెనీ సెటప్ ఆ కంపెనీదే. ఈ ఫైలు అక్కడ పెట్టు, దాన్ని చెరిపెయ్ అంటూ వరసగా ఆజ్ఞలు. ఒకరు పెట్టిన డీఎల్ఎల్ మీద ఇంకొకరు పాతది రుద్దేవాళ్లు. డార్విన్ ఆ పద్ధతినే తిరగేసింది. అది వాడే సెటప్ ప్యాకేజీ, అంటే ఎంఎస్ఐ ఫైలు, నిజానికి ఒక డేటాబేస్. ఫైళ్లకో పట్టిక, ఫోల్డర్లకో పట్టిక, కాంపొనెంట్లకో పట్టిక, ఏ పని ఎన్నో వంతో చెప్పే పట్టిక. బాసర ట్రిపుల్ ఐటీ పిల్లలైనా, ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న ఇంకెవరైనా మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఓర్కా అనే పనిముట్టుతో ఏ ఎంఎస్ఐనైనా తెరిచి ఆ పట్టికలను కళ్లారా చూడొచ్చు. సిలబస్‌లో ఉన్న రిలేషనల్ డేటాబేస్ పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగం దొరకదు.

ఈ యంత్రంలో మెచ్చుకోవాల్సిన తెలివి ఏమిటంటే, అది ముందు లెక్క వేస్తుంది, తర్వాతే చెయ్యి పెడుతుంది. ఒక్క ఫైలు కూడా కదలకముందే కాస్టింగ్ అనే దశ నడుస్తుంది. ఎంత చోటు కావాలి, డిస్కు మీద ఇప్పటికే ఏమున్నాయి, వాటిలో వేటిని మార్చాలి, వేటి జోలికి పోకూడదు అన్నీ అక్కడే తేలిపోతాయి. వెర్షన్ ఉన్న ఫైళ్లకు సూత్రం తేలిక: పెద్ద నంబరే గెలుస్తుంది. డిస్కు మీద ఉన్నది 5.2.0.0, ప్యాకేజీలో ఉన్నది 5.1.0.0 అనుకుందాం. ఉన్నదే మేలైనది, దీన్ని పెట్టనక్కర్లేదని ఇన్‌స్టాలర్ రాసుకుంటుంది.

ఇంతవరకు న్యాయమే. పాత వెర్షన్ మొత్తాన్ని తీసేసి కొత్తది పెట్టే మేజర్ అప్‌గ్రేడ్‌లో ఆ న్యాయమే ఉరితాడు అవుతుంది. లెక్క వేసినప్పుడు 5.2 డిస్కు మీదే ఉంది, కాబట్టి 5.1 అక్కర్లేదని తీర్మానం అయిపోయింది. తర్వాత పాత ప్రోడక్టును తీసే వంతు వస్తుంది, దాంతోపాటు 5.2 వెళ్లిపోతుంది. ఆపైన కొత్త ఫైళ్లు పెట్టే వంతు. 5.1 వద్దని ముందే రాసుకుంది కదా, దాన్ని దాటేస్తుంది. చివరికి డిస్కు మీద రెండూ లేవు. ఇన్‌స్టాలర్ దృష్టిలో తప్పేమీ జరగలేదు. ఇన్‌స్టాలర్ ప్రతి అడుగూ రాసే వెర్బోస్ లాగ్ తీస్తే ‘డిస్అలోయింగ్ ఇన్‌స్టలేషన్ ఆఫ్ కాంపొనెంట్’ అన్న ఒకే ఒక్క వాక్యం, వేల లైన్ల మధ్య ఎక్కడో ఉంటుంది.

కొత్త ప్యాకేజీలోకి పాత నంబరు ఫైలు ఎందుకొస్తుంది? బయటి కంపెనీ లైబ్రరీ సతాయిస్తే ప్రోగ్రామర్లు వెనకటి వెర్షన్‌కు పోతారు. ఒక్కోసారి బిల్డ్ నంబరు మళ్లీ మొదటికొస్తుంది. ఈ జబ్బుకు ఒక గుర్తు ఉంది: రిపేర్ కొట్టగానే ఫైలు ప్రత్యక్షమవుతుంది. ఈసారి లెక్క వేసేటప్పుడు డిస్కు ఖాళీగా ఉంది మరి. రెండోసారికి బాగైపోయింది కదా అని వదిలేస్తే, తర్వాతి కస్టమర్ దగ్గరా ఇదే జరుగుతుంది.

పాతదాన్ని ముందు తీయకుండా, కొత్తది పెట్టాక చివర్లో తీస్తే? అదీ ఒక పద్ధతే, దాని మాయ దానిది. కాంపొనెంట్ అంటే కలిపి పెట్టి, కలిపి తీసే ఫైళ్ల గుంపు; ప్రతి కాంపొనెంటుకు ఒక 128 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎన్ని ప్రోడక్టులు దాన్ని వాడుతున్నాయో ఇన్‌స్టాలర్ ఆ సంఖ్య కిందే లెక్క రాస్తుంది, ఫైలు పేరు కింద కాదు. కొత్త వెర్షన్‌లో ప్రోగ్రామర్ ఆ సంఖ్య మార్చి, ఫైలును అదే ఫోల్డర్‌లో అదే పేరుతో ఉంచాడనుకోండి. మున్సిపాలిటీ ఒకే ఇంటికి రెండు నంబర్లు ఇచ్చి, పాత నంబరు రద్దయిందని ఆ ఇంటినే కూల్చినట్టు అవుతుంది. కొత్త సంఖ్య కింద ఫైలు భద్రంగానే ఉంది. పాత సంఖ్య కింద వాడేవాళ్లు సున్నా అయ్యారు కాబట్టి ఇన్‌స్టాలర్ వెళ్లి ఫైలును చెరిపేస్తుంది.

ముందు తీయాలా, తర్వాత తీయాలా అన్నది ఇన్‌స్టాలర్లు కట్టేవాళ్ల మధ్య ఎడతెగని పేచీ. చివర్లో తీస్తే మారిన ఫైళ్లే కదులుతాయి, పని వేగంగా అవుతుంది. గుర్తింపు సంఖ్య ఊరికే మార్చకూడదన్నటువంటి కాంపొనెంట్ నియమాలు మాత్రం నిష్ఠగా పాటించాలి. మరీ ముందు తీస్తే, మధ్యలో ఇన్‌స్టలేషన్ విఫలమైనప్పుడు పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. లావాదేవీ మొదలైన వెంటనే, అంటే ఇన్‌స్టాల్‌ఇనిషియలైజ్ అనే దశ తర్వాత తీయడమే మధ్యేమార్గం. అప్పుడు విఫలమైతే పాత వెర్షన్ వెనక్కి వస్తుంది. నిదానమైనా అదే నయం.

వెర్షన్ లేని ఫైళ్ల సంగతి చూస్తే ముచ్చటేస్తుంది. సెట్టింగ్స్ ఫైలును సృష్టించిన తేదీ కంటే మార్చిన తేదీ తర్వాతిదైతే, ఎవరో చేతితో మార్చుకున్నారని గ్రహించి ఇన్‌స్టాలర్ దాని జోలికి పోదు. పాత ప్రోడక్టును ముందు తీసే అప్‌గ్రేడ్‌లో ఈ మర్యాద పనికిరాదు. తీసివేత తేదీలు చూడదు. షాపువాళ్లు ఓపికగా సరిచేసుకున్న బిల్లు ఫార్మాట్ ఫ్యాక్టరీ రూపానికి వచ్చేస్తుంది.

పోయిందనుకున్న డేటా చాలాసార్లు వర్చువల్‌స్టోర్‌లో దొరుకుతుంది. పాత 32 బిట్ల ప్రోగ్రాం ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, విస్టా నుంచి విండోస్ ఆ రాతను చప్పుడు లేకుండా యూజర్ యాప్‌డేటా ఫోల్డర్ కింది వర్చువల్‌స్టోర్‌కు మళ్లిస్తుంది. 64 బిట్ల ప్రోగ్రాములకు ఆ మళ్లింపు లేదు. అందుకే 64 బిట్ల వెర్షన్‌కు అప్‌గ్రేడ్ కాగానే నిన్నటి ఖాతాలు కనిపించవు.

తర్వాతి చరిత్ర చకచకా చెప్పుకోవచ్చు. 2004లో రాబ్ మెన్షింగ్ తన విక్స్ పనిముట్టును మైక్రోసాఫ్ట్ నుంచి ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశాడు. ఎంఎస్ఐ కట్టడం అందరి చేతికీ వచ్చింది. 2018లో వచ్చిన ఎంఎస్ఐఎక్స్ అనే కొత్త ప్యాకేజీ పద్ధతి ప్రతి వెర్షన్‌నూ దాని సొంత ఫోల్డర్‌లో పెడుతుంది కాబట్టి, పాతా కొత్తా ఒకే ఫైలు కోసం కొట్టుకునే పనిలేదు.

అదే ఏడాది అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్ ఏకంగా జనం డాక్యుమెంట్లనే తుడిచిపెట్టింది. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను సి నుంచి డి డ్రైవ్‌కు మార్చుకున్నవాళ్లకు సిలో ఖాళీ నకలు ఫోల్డర్లు మిగిలి చికాకు పెడుతున్నాయని కొత్త కోడ్ రాశారు. అది ఖాళీవి కాని పాత ఫోల్డర్లనూ లోపలి ఫైళ్లతో సహా తీసేసింది. అక్టోబరు 6న విడుదల ఆపేశారు. ఫైళ్లు పోయాయన్న ఫిర్యాదులు 0.01 శాతమేనని మైక్రోసాఫ్ట్ చెప్పింది. నవంబరు 13న మళ్లీ విడుదల చేసింది. ఈలోగా యూజర్లు ఫిర్యాదులు పంపే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో ఒక కొత్త ప్రశ్న చేర్చింది: మీ సమస్య ఎంత తీవ్రమైనది?