ఆర్పినను ఆగని విద్యుత్తు

రాత్రి భోజనములైన పిమ్మట ఇంటిలోని దీపములన్నియు ఆర్పి, టెలివిజనును రిమోటుతో కట్టివేసిన తరువాత మీటరును చూచినచో ఒక వింత కనబడును. మీటరుపై నుండు చిన్న ఎర్రదీపము అప్పుడప్పుడు మినుకుమనుచునే యుండును. ఫాన్లను ఆపి, ఫ్రిజ్జును కొలది నిమిషములు నిలిపి చూచినను చాల ఇండ్లలో ఆ మినుకు పూర్తిగా ఆగదు. ఇంటిలో ఏ పనియు జరుగుట లేదు. అయినను విద్యుచ్ఛక్తి ఖర్చగుచున్నది. ఈ శక్తి ఎక్కడికి పోవుచున్నది? దీనిని కొలుచుట యెట్లు? ఇందులో ఎంత మిగుల్చుకొనవచ్చును? హైస్కూలు భౌతికశాస్త్రము చదివిన విద్యార్థి ఈ ప్రశ్నలకు తానే సమాధానములు రాబట్టగలడు.

సామర్థ్యము, శక్తి

ముందుగా రెండు మాటలకు గల భేదమును స్పష్టముగా గ్రహింపవలెను. ఒక పరికరము ఎంత వేగముగా శక్తిని వినియోగించుచున్నదో తెలుపునది సామర్థ్యము. దీనిని వాట్లలో కొలుతురు. సెకనుకు ఒక జౌల్ శక్తి వినియోగమైనచో ఆ సామర్థ్యము ఒక వాట్. సామర్థ్యమును అది పనిచేసిన కాలముతో గుణించినచో వచ్చునది మొత్తము శక్తి. విద్యుత్ బిల్లులో యూనిట్ అను పేరుతో కనబడునది ఈ శక్తియే. 1000 వాట్ల పరికరము ఒక గంట పనిచేసినచో ఒక యూనిట్, అనగా ఒక కిలోవాట్-గంట, ఖర్చగును. జౌళ్లలో చెప్పినచో ఇది 36 లక్షలు.

ఈ గుణకారములో ఒక రహస్యము కలదు. 2000 వాట్ల గీజరు పది నిమిషములు పనిచేసినచో యూనిట్‌లో మూడవ వంతు ఖర్చగును. కేవలము 14 వాట్లు గ్రహించు పరికరము రోజంతయు ఊరక నిలిచి యున్నను దాదాపు అంతే ఖర్చగును. గీజరు స్విచ్చి వేసినప్పుడు ఇంటిల్లిపాదికిని బిల్లు గుర్తుకు వచ్చును. టెలివిజను క్రింద వెచ్చగా కూర్చుండు పెట్టెను ఎవ్వరును పట్టించుకొనరు. పెద్ద సామర్థ్యము కంటికి కనబడును, దీర్ఘకాలము కనబడదు. వృథా అంతయు ఈ కనబడని కాలములో జరుగుచున్నది.

పరికరము ఎందుకు నిద్రపోదు?

పూర్వపు రేడియోలో మీటను త్రిప్పగానే విద్యుద్వలయము తెగిపోయెడిది. నేటి ఎలక్ట్రానిక్ పరికరములలో చాల వాటికి అట్టి మీట లేదు. రిమోటులోని గుండీని నొక్కినప్పుడు వెలువడు పరారుణ కిరణములను గుర్తించుటకు టెలివిజనులో ఒక చిన్న గ్రాహకము ఎల్లప్పుడును మేల్కొని యుండవలెను. ఇంటి కాపలాదారు వలె అది రాత్రింబవళ్లు ఎదురు చూచుచుండును. గడియారము చూపు మైక్రోవేవ్ ఓవెన్, ఇంటర్నెట్ సందేశము కొరకు వేచియుండు పెట్టెలు, గుండీ నొక్కగానే వెంటనే బొమ్మ చూపుటకు సిద్ధముగా నుండు టెలివిజన్లు, అన్నియు ఈ కోవకు చెందినవే. పరికరము పనిచేయక, పనికి సిద్ధముగా మాత్రము ఉండు ఈ స్థితిని స్టాండ్‌బై అందురు.

రెండవ కారణము ఎడాప్టరు. గోడ సాకెట్టులో గ్రుచ్చు పాత తరహా బరువైన ఎడాప్టరులో ఇనుపరేకుల గుండెపై చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు ఉండును. పరికరమునకు గల మీట ఈ ట్రాన్స్‌ఫార్మరునకు ఆవలి వైపున ఉండును. కావున మీటను ఆపినను మొదటి తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించుచునే యుండును. సెకనుకు 50 ఆవృత్తులు గల ఈ విద్యుత్తు ఇనుమును అటునిటు అయస్కాంతీకరించుచుండుటచేతను, రేకులలో పుట్టు సుడి ప్రవాహముల చేతను కొంత శక్తి వేడిగా మారును. అట్టి ఎడాప్టరును చేతితో తాకినచో వెచ్చదనము తెలియును. ఆ వెచ్చదనమే వృథా యగుచున్న విద్యుత్తు.

నేటి తేలికైన చార్జర్లలో పద్ధతి మారినది. అవి విద్యుత్తును ముందుగా ఏకముఖముగా మార్చి, సెకనుకు వేలకొలది పర్యాయములు తెంచి కలుపుచు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా పంపును. ఫోను తగిలింపనప్పుడు మంచి మొబైల్ చార్జరు గ్రహించు సామర్థ్యము వాట్‌లో పదవ వంతు మాత్రమే. అది సంవత్సరమంతయు సాకెట్టులోనే యున్నను ఒక యూనిట్ కూడ కాదు. చార్జరును తీయుట మంచి అలవాటే. అయితే దానిని తీసి, ప్రక్కనున్న సెట్‌టాప్ బాక్సును వదలివేయుట చిల్లిగవ్వను దాచి రూపాయిని పారవేయుట వంటిది.

ఒక వాట్ నియమము

ఈ వృథాపై ప్రపంచము దృష్టి మరలి పాతికేండ్లు దాటినది. అమెరికాలోని లారెన్స్ బర్క్లీ జాతీయ ప్రయోగశాలలో అలన్ మయర్ మొదలగు శాస్త్రజ్ఞులు ఇండ్లలోని పరికరములను ఒక్కొక్కటిగా కొలిచి చూచిరి. అభివృద్ధి చెందిన దేశముల గృహ విద్యుత్తులో నూటికి 5 నుండి 10 వంతులు స్టాండ్‌బైలో పోవుచున్నదని ఆ ప్రయోగశాల అంచనా. ఏ పరికరమును స్టాండ్‌బైలో ఒక వాట్‌కు మించి గ్రహింపరాదను ప్రతిపాదనను 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ చేపట్టినది. ఐరోపా సమాఖ్య 2010 నుండి సాధారణ పరికరములకు ఒక వాట్ హద్దును, 2013 నుండి అర వాట్ హద్దును విధించినది. మన దేశములో 2001 నాటి ఇంధన పొదుపు చట్టము ననుసరించి 2002లో ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడినది. పరికరములపై నక్షత్రముల చీటీ అతికించు పద్ధతిని అది 2006లో ప్రారంభించినది.

నియమములు క్రొత్త పరికరములను బాగుచేయును. ఇంటిలో ముందే యున్న పరికరముల సంగతి ఇంటివారే చూచుకొనవలెను. అందుకు మొదటి మెట్టు కొలుచుట.

మీటరే ప్రయోగశాల

ఇంటి మీటరు ముఖముపై, ఒక కిలోవాట్-గంటకు ఎర్రదీపము ఎన్నిసార్లు మినుకుమనునో ముద్రింపబడి యుండును. చాల మీటర్లపై ఈ సంఖ్య 3200. అట్టి మీటరులో ఒక్క మినుకునకు ఖర్చగు శక్తి 36 లక్షల జౌళ్లను 3200 చేత భాగింపగా వచ్చు 1125 జౌళ్లు. రెండు మినుకుల నడుమ కాలమును సెకనులలో కొలిచి, 1125ను ఆ సంఖ్యచే భాగించినచో అప్పటి సామర్థ్యము వాట్లలో వచ్చును. నడుమ కాలము 45 సెకనులైనచో సామర్థ్యము 25 వాట్లు. మీటరుపై వేరొక సంఖ్య యున్నచో 36 లక్షలను ఆ సంఖ్యచే భాగించి ఇట్లే లెక్కింపవలెను.

పాత మీటర్లలో దీపమునకు బదులు అల్యూమినియము బిళ్ల తిరుగును. ఇట్టి ప్రేరణ మీటరుకు హంగరీ దేశపు ఇంజనీరు ఓట్టో బ్లాతీ 1889లో రూపకల్పన చేసెను. కిలోవాట్-గంటకు 600 చుట్లని వ్రాసియున్నచో ఒక్క చుట్టుకు 6000 జౌళ్లు. బిళ్ల ఒక చుట్టు తిరుగుటకు 5 నిమిషములు పట్టినచో సామర్థ్యము 20 వాట్లు.

మిక్కిలి స్వల్పమైన ప్రవాహమును మీటరు గుర్తింపలేకపోవచ్చును. కావున వ్యత్యాస పద్ధతి మేలు. ఫ్రిజ్జుతో సహా అన్నిటిని కొలదిసేపు ఆపి, ఒక్క 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమును మాత్రము వెలిగింపవలెను. 3200 మీటరుపై మినుకుల నడుమ సుమారు 125 సెకనులు పట్టును. ఇప్పుడు సెట్‌టాప్ బాక్సు గోడస్విచ్చి వేసి, రిమోటుతో దానిని కట్టివేయవలెను. నడుమ కాలము 59 సెకనులకు తగ్గినదనుకొన్నచో మొత్తము సామర్థ్యము 19 వాట్లు. దీపము వంతు 9 తీసివేయగా మిగిలిన 10 వాట్లు నిద్రించుచున్న పెట్టెవి. నాలుగైదు మినుకుల సగటును తీసికొన్నచో ఫలితము మరింత నమ్మదగినదగును.

ఇచ్చట ఉపాధ్యాయులు రెండు హెచ్చరికలు చేయవలెను. మీటరు మూతను గాని, వైర్లను గాని విద్యార్థులు తాకరాదు. చూచుట, లెక్కించుట మాత్రమే వారి పని. మల్టీమీటరుతో ఇంటి విద్యుత్తును కొలుచుటకు పూనుకొనరాదు. అది అపాయకరము, పైగా లెక్కయు తప్పును. వోల్టులను ఆంపియర్లచే గుణింపగా వచ్చునది వోల్ట్-ఆంపియర్లు మాత్రమే. ఎలక్ట్రానిక్ పరికరములలో నిజమైన వాట్లు అందులో సగమే కావచ్చును. గృహ మీటరు లెక్కించునది నిజమైన వాట్లనే.

ఒక ఇంటి లెక్క

ఇట్లు కొలువగా ఒక ఇంటిలో ఈ క్రింది సంఖ్యలు వచ్చినవనుకొనవచ్చును. ఇవి లెక్క తెలియుటకు తీసికొన్న ఉదాహరణములు. ఎవరి ఇంటి సంఖ్యలు వారు రాబట్టుకొనవలెను.

సెట్‌టాప్ బాక్సు: 10 వాట్లు, రోజుకు 19 గంటలు, నెలకు 5.7 యూనిట్లు.
పాటల యాంప్లిఫయరు: 8 వాట్లు, 22 గంటలు, 5.3 యూనిట్లు.
కంప్యూటరు, దాని తెర: 5 వాట్లు, 20 గంటలు; 3 యూనిట్లు.
వైఫై రౌటరు, రాత్రివేళ మాత్రము: 7 వాట్లు, 8 గంటలు, 1.7 యూనిట్లు.
మైక్రోవేవ్ గడియారము: 2 వాట్లు, 24 గంటలు, 1.4 యూనిట్లు.
టెలివిజను: 1 వాట్, 19 గంటలు, 0.6 యూనిట్.
మొబైల్ చార్జరు: 0.1 వాట్, 21 గంటలు, 0.06 యూనిట్.

మొత్తము నెలకు సుమారు 17.7 యూనిట్లు, సంవత్సరమునకు దాదాపు 216. విద్యుత్ రేట్లు శ్లాబుల వారీగా పెరుగుచుండుట వలన, ఈ కొలది యూనిట్లే ఒక ఇంటిని పై శ్లాబులోనికి నెట్టవచ్చును. తెలంగాణలో 2024 మార్చి నుండి అమలులోనికి వచ్చిన గృహజ్యోతి పథకమున, అర్హతగల ఇండ్లకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమని, ఆ హద్దు దాటిన నెలలో మొత్తము బిల్లు చెల్లింపవలెనని నిర్ణయింపబడినది. నెలకు 208 యూనిట్లు వాడు ఇల్లు పై వృథాలో సగము తగ్గించినను 199 యూనిట్లకు దిగును.

ఇంటి గడప దాటి చూచినచో విషయము మరింత పెద్దది. రామగుండము, కొత్తగూడెము, విజయవాడ వంటి చోట్ల గల థర్మల్ కేంద్రములు బొగ్గును మండించి విద్యుత్తు నిచ్చుచున్నవి. అట్టి కేంద్రములో ఒక యూనిట్‌కు సుమారు 650 గ్రాముల బొగ్గు కావలెను. పై ఇంటిలో ఏడాదికి వృథాయగు విద్యుత్తు అంతయు బొగ్గునుండియే వచ్చినచో అది 140 కిలోల బొగ్గు. ఎవరికిని వెలుగు నీయక, ఎవరి వంటను చేయక కాలిపోయిన బొగ్గు అది.

ఆపవలసినవి, ఆపరానివి

మన దేశమున గోడ సాకెట్టునకు ప్రక్కనే స్విచ్చి యుండుట గొప్ప సౌకర్యము. అమెరికా వంటి దేశములలో చాల సాకెట్లకు అది లేదు. టెలివిజను, సెట్‌టాప్ బాక్సు, యాంప్లిఫయరులను ఒకే స్విచ్చి గల పొడిగింపు పెట్టెకు తగిలించినచో పడుకొనబోవు ముందు ఒక్క నొక్కుతో మూడింటిని ఆపవచ్చును. గాలివానలు, పిడుగులు పడు దినములలో ప్లగ్గును ఊడదీయుట పరికరములకును రక్ష.

కంప్యూటరును ముందుగా దాని పద్ధతిలో మూసి, పిమ్మటనే గోడస్విచ్చి తీయవలెను. తెరపై కదలు బొమ్మలు విద్యుత్తును పొదుపు చేయవు. పూర్వపు పిక్చర్ ట్యూబుపై మచ్చలు పడకుండుటకు అవి ఏర్పడినవి. తెరను పూర్తిగా ఆర్పుటయే పొదుపు. ఫ్రిజ్జును రోజూ ఆపరాదు. వైద్య పరికరములు, కాపలా కెమెరాలు, వాటికి అవసరమైన రౌటరు మొదలగువాటిని కదల్పరాదు.

ఈ పొదుపును దాని స్థానములో నుంచి చూడవలెను. 75 వాట్ల పాత ఫాను రోజుకు 12 గంటలు తిరిగినచో నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల క్రొత్త బి.ఎల్.డి.సి. ఫానుకు 11 యూనిట్లు చాలును. అయితే ఆ ఫాను కొనుటకు డబ్బు కావలెను. గోడస్విచ్చి తీయుటకు పైసా అక్కరలేదు.

తరగతిలోని ప్రతి విద్యార్థియు పెద్దల యెదుట తన ఇంటి మీటరును కొలిచి, పై పద్ధతిలో ఒక పట్టిక వ్రాసి తేవచ్చును. అన్ని పట్టికలను నల్లబల్లపై కూడినచో ఒక్క తరగతి ఇండ్లలో నెలకు ఎన్ని యూనిట్లు ఊరక పోవుచున్నవో తెలియును. నెల గడచిన పిమ్మట మరల కొలిచి రెండు మొత్తములను పోల్చినచో పొదుపు ఎంత జరిగినదో బోధపడును. అంచనాకును కొలతకును గల భేదమును నేర్పుటకు ఇంతకంటె చౌకైన ప్రయోగము దొరకుట అరుదు. దానికి కావలసిన పరికరము ప్రతి ఇంటి గోడపై ఇప్పటికే బిగింపబడి యున్నది.