వేళ్ల మీద నిలిచిన బొమ్మ ఎన్నాళ్లు?

నాందేడ్ జిల్లా ఇస్లాపూర్ పరిసరాలు టేకు పెరిగే సీమ. అలాంటి చోట ఎండి నిలబడ్డ మాను కనిపిస్తే, ఉన్నచోటే బొమ్మగా మలచి వార్నిష్ పూస్తే కలకాలం ఉంటుందనుకుంటాం. కానీ ఆరుబయట కొయ్య ఆయుష్షును తేల్చేది పూత కాదు, నీరు అందులో ఎంతకాలం నిలుస్తుందన్నదే. సాక్ష్యం మహారాష్ట్రలోనే ఉంది. కార్లే చైత్యగుహ కప్పుకు అమర్చిన టేకు కమాన్లు సుమారు 2000 ఏళ్లుగా నిలిచాయి. వాటిని కాచింది పైనున్న రాయి. అదే టేకును గుంజగా పాతితే నేలమట్టం దగ్గరే ముందు పుచ్చుతుంది. కొయ్యను కుళ్లబెట్టే శిలీంధ్రాలకు గాలీ కావాలి, తేమా కావాలి. కొయ్యలో తేమ 20 శాతం లోపుంటే అవి పెరగలేవు. పైభాగం వాన వెలిశాక ఆరుతుంది, లోతు మట్టిలో గాలి ఆడదు. రెండూ కుదిరేది నేలమట్టంలోనే. వేళ్ల మీద నిలిచిన బొమ్మకు అక్కడే పాదాలుంటాయి. చెదలదీ అదే దారి. టేకు చేవలో టెక్టోక్వినోన్ వంటి రక్షక పదార్థాలున్న మాట నిజమే గానీ, బెరడు కింది తెల్ల చెక్కకు ఆ బలం లేదు.

మరి పూత సంగతి? తేమ సుమారు 30 శాతం కంటే తగ్గాక చెక్క కుదించుకుపోవడం మొదలవుతుంది. వలయాల వెంబడి కుదింపు, నడిబొడ్డు నుంచి బెరడు వైపు కుదింపుకు దాదాపు రెండింతలు. అందుకే గుండ్రటి మాను బీటవారక తప్పదు. వీపున నిలువుగా లోతైన రంపపు కోత పెడితే చీలిక అటు మళ్లి, ముఖం దక్కే అవకాశం ఎక్కువ. ఈ కదలికకు గట్టి వార్నిష్ పొర చిట్లుతుంది. ఆ సందుల్లో దిగిన నీటిని మిగిలిన పొరే ఆరనివ్వదు. లోనికి ఇంకే, రంగు కలిపిన నూనె మేలు. ఆ రంగు ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థాన్ని కొంత కాస్తుంది. బోరాన్ లవణాలు శిలీంధ్రాలనూ పురుగులనూ ఆపినా వానకు కడుక్కుపోతాయి. ఏ పూతైనా మళ్లీ మళ్లీ వేయాల్సిందే.

పూత చాలదు గనుక బొమ్మ పాదాలను నేల నుంచి ఎత్తాలి. అలా వేళ్ల నుంచి విడదీస్తే అది చెట్టు బొమ్మ ఎలా అవుతుందని అడగవచ్చు. పచ్చని చెట్టునే చెక్కవచ్చు కదా అనీ అనవచ్చు. కానీ చుట్టూ బెరడు తెగితే వేళ్లకు ఆహారం అందక చెట్టు క్రమంగా చస్తుంది. కుళ్లితే కుళ్లనిమ్మనే వాదన పొట్టి మొద్దుకు చెల్లుతుంది. ఎత్తైన మానుకు వేళ్లు పుచ్చితే అది మనుషుల మీదే కూలవచ్చు. కాబట్టి చెక్కేంతవరకూ వేళ్ల పట్టును వాడుకుని, పని ముగిశాక కోసి, అదే చోట రాతి దిమ్మె మీద ఇనుప కాళ్లతో నేలకు ఎడంగా నిలపడం మంచిది. నెత్తిన నీరు జారే వాలు, వీలైతే చిన్న కప్పు ఉండాలి. పూతల ఖర్చు కన్నా ముందు ఈ దిమ్మెకూ కప్పుకూ డబ్బు కేటాయించాలి.