పదకొండు ముక్కల వైరస్

రోటా వైరస్ జన్యుపదార్థం పదకొండు ముక్కలుగా ఉంటుంది. ఒక్కో ముక్క రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ. పసిపిల్లలకు వాంతులు, నీళ్ల విరేచనాలు తెచ్చిపెట్టే ఈ వైరస్‌ను 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం కనిపెట్టింది. జబ్బుపడిన పిల్లల చిన్నపేగు పొరను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినప్పుడు అది బయటపడింది.

మనుషుల్లో తిరిగే వైరస్ ఒకటే రకం కాదని తేల్చడానికి తొలినాళ్లలో పెద్ద యంత్రాలేమీ అక్కర్లేకపోయింది. బిడ్డ మలం నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, పలుచటి జెల్‌లో పోసి కరెంటు పెడతారు. పెద్ద ముక్కలు పైనే ఆగిపోతాయి, చిన్నవి కిందికి జారతాయి. వెండి రంగు అద్దితే నాలుగు, రెండు, మూడు, రెండు చొప్పున చారల గుంపులు తేలతాయి. మనుషులకు ఎక్కువగా సోకే ఎ గ్రూపు వైరస్ గుర్తు అదే. గుంపుల వరస ఒకటే అయినా, చారల స్థానాలు నమూనాకూ నమూనాకూ కాస్త అటూ ఇటూ అవుతాయి.

ఇప్పుడు జన్యుక్రమం చదివి పేరు పెడుతున్నారు. వైరస్ పైపొరలోని వీపీ7 ప్రొటీన్‌ను బట్టి ‘జి’ సంఖ్య, వీపీ4ను బట్టి ‘పి’ సంఖ్య. ప్రపంచమంతటా పిల్లల్లో ఎక్కువగా కనిపించేవి జి1పి8, జి2పి4, జి3పి8, జి4పి8, జి9పి8, జి12పి8.

ఇన్ని రకాలు పుట్టడానికి మొదటి కారణం, నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులను దిద్దుకునే ఏర్పాటు ఈ వైరస్‌కు లేకపోవడం. రెండోది ఇంకా బలమైనది: ఒకే కణంలోకి రెండు రకాలు చేరితే ముక్కలు కలగలిసిపోతాయి. పశువుల వైరస్‌లకూ ఇందులో పాలుంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల నుంచి సేకరించిన 116ఇ అనే జి9పి11 వైరస్‌లో వీపీ4 జన్యువు ఆవుల వైరస్‌ది, మిగతావన్నీ మనిషి వైరస్‌వి. బెంగళూరులో దొరికిన ఐ321 దీనికి తలకిందులు: రెండు ముక్కలు తప్ప అంతా ఆవులదే. ఈ రెండూ శిశువులకు జబ్బు చేయకుండానే సోకాయి. వెల్లూరులో మాత్రం పి11 రకమే పురిటి బిడ్డలను జబ్బుపరిచింది. పేరును బట్టి గుణం చెప్పలేమన్నమాట.

ఏ రకం ఎక్కడ నిలదొక్కుకుంటుందన్నది మనిషి జన్యువుల మీద కూడా ఆధారపడుతుంది. అసలు విశేషం ఇదే. వీపీ4 కొన పేగు కణాల మీది బ్లడ్ గ్రూప్ చక్కెరలను పట్టుకుంటుంది. ఆ చక్కెరల తయారీకి తోడ్పడే ఎఫ్‌యూటీ2 జన్యువు పనిచేయని వాళ్లకు పి8 రకాలు తక్కువగా సోకుతాయి. ఆ చక్కెరల్లోనే ఒకటైన లూయిస్ చక్కెర లేనివాళ్లు ఎక్కువగా ఉన్న ఆఫ్రికా ప్రాంతాల్లో పి6 తరచుగా కనిపిస్తుంది.

ఢిల్లీ 116ఇ నుంచే హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రోటావాక్ చుక్కల టీకా తయారుచేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరు పిల్లల మీద జరిపిన పరీక్షలో అది తొలి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను సుమారు 56 శాతం తగ్గించింది. టీకా రకం జి9పి11 అయినా, వేరే రకాల నుంచీ రక్షణ దొరికింది. దాన్ని 2016లో ప్రభుత్వ టీకా కార్యక్రమంలోకి తొలివిడతగా తెచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఆ తర్వాత దేశంలో జి1పి8 తగ్గి జి3పి8 పెరిగింది. నేరం టీకా మీదకు నెట్టడం సులువే గానీ, చాలాచోట్ల ఈ మార్పు టీకా రాకముందే మొదలైంది.

వెల్లూరులో పుట్టినప్పటి నుంచి పిల్లలను గమనించిన మరో అధ్యయనంలో, ఒక రకం సోకితే మళ్లీ అదే రకం రాదన్న భరోసా కనిపించలేదు. మూడుసార్లు సోకాక కూడా ఓ మోస్తరు లేదా తీవ్రమైన జబ్బు నుంచి రక్షణ 79 శాతమే. అందుకే బిడ్డకు 6, 10, 14 వారాల టీకా మోతాదులు మూడూ వేయించాలి. వేయించినా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ తాగించడం ఆలస్యం చేయకూడదు.