నెత్తురు కక్కుట: నుడికారం నుండి వ్యాధి నిర్ధారణకు

‘నెత్తురు కక్కుకొని చనిపోయాడు’ అనే మాట జానపద కథనాలలో తరచు చేతబడికో, దేవత ఆగ్రహానికో గుర్తు. ఆయుర్వేదం నోటి నుండి పడే రక్తాన్ని ఊర్ధ్వగ రక్తపిత్తంలో చేర్చింది. ఆధునిక వైద్యంలో నెత్తుటి వాంతి ఆహారవాహిక, జీర్ణాశయం, ఆంత్రమూలాలలోని రక్తస్రావానికి లక్షణం. కాఫీపొడి వంటి వాంతి, తారువలె నల్లని జిగట మలం కూడా ఆ సూచనలే. అయితే ఐరన్ మాత్రలూ మలాన్ని నల్లబరుస్తాయి. అందుకే రోగి వాడిన మందులను, నొప్పి మాత్రలను, మద్యపానాన్ని గురించి విచారించాలి. నాడి, రక్తపోటు కుదుటపరచి, సాధారణంగా 24 గంటలలోపు ఎండోస్కోపీ చేస్తే మూలం పుండో, ఉబ్బిన సిరో తెలుస్తుంది. మైపాడు, జువ్వలదిన్నె వంటి నెల్లూరు తీరగ్రామాల రోగి తన బాధను చెప్పుకొనేది తన పలుకుబడిలోనే. వాంతిని చెప్పినవారు మలం రంగును సిగ్గుతో దాచవచ్చు. దానిని రాబట్టే తెలుగు ప్రశ్న లేనిచో నిర్ధారణ ఆలస్యమవుతుంది. మాండలిక వైద్యపదకోశ నిర్మాణం ఈ కారణంగానే అవసరం.