పొదుగు పెట్టెలో కోడిగ్రుడ్లు: మొదటిసారి పొదిగించువారికి సూచనలు

అడ్డతీగల మన్యపు పల్లెలలో నాలుగు కోళ్లు లేని యిల్లు అరుదు. చేతిలో రొక్కము లేనినాడు వారపు సంతకు కొనిపోవుటకును, చుట్టము వచ్చిననాడు కూర వండుటకును కోడియే ఆధారము. ఈ సంపదను పెంపొందించుకొనుటకై పొదుగు పెట్టెను, అనగా ఇంక్యుబేటరును, తెచ్చుకొనదలచిన సభ్యుల ఉపయోగార్థము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పెట్టె వలన లాభమేమి?

నాటుపెట్ట ఒక విడతకు 12 మొదలు 18 వఱకు గ్రుడ్లు పెట్టి పొదుగునకు కూర్చుండును. 21 దినములు పొదిగి, పిమ్మట పిల్లలను వెంట త్రిప్పుకొనుచు, మరల గ్రుడ్లకు వచ్చుసరికి సుమారు మూడు నెలలు గడచును. అందుచేతనే దాని గ్రుడ్లు ఏడాదికి 50, 60కి మించుట అరుదు. పొదుగుటయు పెంచుటయు తప్పించినచో అది త్వరలోనే మరల గ్రుడ్లు పెట్టును. వనరాజా, గ్రామప్రియ మొదలగు పెరటికోళ్లను హైదరాబాదులోని కుక్కుట పరిశోధన సంస్థవారు తయారుచేసిరి. వీనికి పొదుగు గుణము లేదు గనుక వీని గ్రుడ్లకు నాటుపెట్టయో, పొదుగు పెట్టెయో కావలయును. అయితే వీని గ్రుడ్ల నుండి ఇంట పుట్టిన పిల్లలు తల్లులంత ఫలితము నీయవని యెఱుగవలయును.

లాభమున్నట్లే నష్టమునకును తావున్నది. పొదుగునకు పెట్టిన ప్రతి గ్రుడ్డును మనము తినకయు, అమ్మకయు విడిచినదే. ఒకనాటి అజాగ్రత్తచే 30 గ్రుడ్లు చెడినచో వాని వెలయే గాక ఆ కాలమున రావలసిన పిల్లలును పోవును. కావున మొదటిసారి 10, 12 గ్రుడ్లతో ఆరంభించుట క్షేమము.

గ్రుడ్ల ఎంపిక

పది పెట్టలకు ఒక పుంజైనను మందలో ఉండవలయును. పుంజు తోడు లేని గ్రుడ్డు ఎంత పొదిగినను పిల్ల కాదు. మధ్యస్థమైన పరిమాణము గల గ్రుడ్లనే ఏరి, పగిలినవానిని, పెంకు పలుచనైనవానిని, వంకరవానిని విడువవలయును. గ్రుడ్డును నీటితో కడుగరాదు. కడిగినచో పెంకుపై సహజముగానున్న సన్నని పొర పోయి, సూక్ష్మక్రిములు లోనికి చొరబడును.

పెట్టిన ఏడు దినములలోపు గ్రుడ్లే మేలు. అంతవఱకు వానిని మొన క్రిందికుండునట్లు, తడి ఇసుక పోసిన కుండపై పళ్లెములో గుడ్డ పఱచి, చల్లని నీడను ఉంచవలయును. ఎండకాలమున ఇది మిక్కిలి ముఖ్యము. ఏలయన, ఉడుకెక్కిన యింట గ్రుడ్డులోని జీవము పొదుగక మునుపే కదలి, పెరుగలేక చచ్చును.

వేడిమి

మంట, పొగ, ఎండ, రేకుకప్పు వేడి తగులని గదిలో పెట్టెను బల్లపై నుంచి, చీమలు రాకుండ బల్లకాళ్లను నీటి చిప్పలలో నిలుపుడు. గ్రుడ్లు పెట్టుటకు ముందు ఒక దినమంతయు ఉత్తపెట్టెను నడిపి వేడిమి నిలుకడగా నున్నదో లేదో చూడవలయును. పెట్టె పైనున్న అంకెను మాత్రమే నమ్మక, జ్వరము చూచు థర్మామీటరును గ్రుడ్ల ప్రక్కనుంచి సరిచూచుకొనుడు.

పంకా గల పెట్టెలో 37.5 సెంటీగ్రేడు డిగ్రీలు (ఫారన్‌హీటు 99.5) ఉండవలయును. పంకా లేనిదానిలో పైభాగము వేడిగను, అడుగు చల్లగను ఉండును గనుక గ్రుడ్ల పైయంచు మట్టమున సుమారు 38.5 డిగ్రీలు చూపవలయును. కొంచెము చల్లబడుటను గ్రుడ్డు ఓర్చుకొనును. పెట్టయు మేతకై దినమున కొంతసేపు లేచిపోవును గదా! వేడి మితిమీరుటను మాత్రము ఓర్వలేదు. 40 డిగ్రీలు దాటి కొన్ని గంటలు నిలిచిన వేడి పిల్లలను చంపును. కావున వేడి తగ్గినదని తొందరపడి మీటను అతిగా త్రిప్పరాదు.

ఈజిప్టు దేశమున మట్టికొలుములలో వేలకొలది గ్రుడ్లను పొదిగించుట రెండువేల యేండ్లకు పూర్వమే యున్నది. అచ్చటివారు ఉష్ణమాపకము లేకయే గ్రుడ్డును కనురెప్పకు తాకించి వేడిమిని కనిపెట్టెడివారు. పనిముట్టు ఏదైనను, కనిపెట్టియుండు మనిషియే ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

త్రిప్పుట, తేమ, గాలి

పెట్ట తన ముక్కుతో గ్రుడ్లను మాటిమాటికి దొర్లించును. కదలనిచో లోని పిండము పెంకులోపలి పొరకు అంటుకొనిపోవును. గ్రుడ్డుకు ఒకవైపు సున్నయు, రెండవవైపు గీతయు పెన్సిలుతో పెట్టి, దినమునకు మూడు లేక అయిదు మార్లు త్రిప్పవలయును. బేసిసంఖ్య యెందుకనగా, ప్రతి రాత్రియు ఒకే ప్రక్క పైకి ఉండకుండుటకు. త్రిప్పునపుడు చేతులు శుభ్రముగా నుండవలయును.

మొదటి 18 దినములు తేమ నూటికి 50 మొదలు 55 పాళ్లును, తరువాత 65 మొదలు 70 పాళ్లును ఉండవలయును. ముసురు పట్టిన దినములలో నీటిపళ్లెమును తగ్గించుకొనవలయును. గాలి కంతలను ఎన్నడును పూర్తిగా మూయరాదు. పెంకులోని పిల్లయు ఊపిరి తీయును.

ఏడవ రాత్రి చీకటిలో టార్చిలైటు ముందు గ్రుడ్డును పట్టి చూడుడు. సాలెగూడువలె ఎఱ్ఱని నరములు కన్పించినచో జీవమున్నది. నిర్మలముగా నున్నది వట్టి గ్రుడ్డు. ఎఱ్ఱని వలయము మాత్రమే యున్నది ఆదిలోనే చచ్చినది. ఇట్టివానిని తీసివేయవలయును. లేనిచో క్రుళ్లి పగిలి తక్కినవానిని చెఱచును.

కరెంటు పోయినపుడు

గాలివానలకు చెట్లు తీగలపై పడి కొండపల్లెలలో కరెంటు పోవుట క్రొత్త కాదు. అట్టి సమయమున పెట్టెను తెరువక, కంతలు విడిచి, దుప్పట్లు కప్పినచో వేడి కొన్ని గంటలు నిలుచును. ఇంకను ఆలస్యమైనచో వేడినీటి సీసాలను గుడ్డలో చుట్టి గ్రుడ్లకు తగులకుండ లోన నుంచవలయును. 18 దినములు దాటిన గ్రుడ్లు తామే కొంత వేడిని పుట్టించును గనుక అప్పుడు చలికంటె గాలి లేమికే ఎక్కువ భయపడవలయును.

వీనియన్నిటికంటె గట్టి ఉపాయము మన పెరటిలోనే యున్నది. పెట్టెలో గ్రుడ్లు పెట్టిన నాడే పొదుగునకు వచ్చిన ఒక నాటుపెట్ట క్రిందను కొన్ని గ్రుడ్లు వేయవలయును. కరెంటు రెండు దినములు రాకున్నచో ఆ పెట్ట క్రిందికి చేరినన్ని గ్రుడ్లైనను బ్రదుకును. అన్నియు ఒకేనాడు పొదుగునకు పెట్టినవి గనుక, పెట్టెలో లేచిన పిల్లలను రాత్రివేళ దాని రెక్కల క్రింద చేర్చినచో తన పిల్లలతో పాటు వానిని సాకును. కావున పెట్టెను తెచ్చుకొన్నను పెట్టను విడువరాదని మా అభిప్రాయము.

చివరి మూడు దినములు

18వ దినమున త్రిప్పుట మాని, తేమ పెంచి, మూత వేయవలయును. క్రొత్తవారు ఓర్పు కోల్పోవునది ఇచ్చటనే. పెంకుకు చిన్న కన్నము పడిన పిమ్మట పిల్ల వెలువడుటకు 12 మొదలు 24 గంటలు పట్టవచ్చును. ఆ వ్యవధిలో అది మిగిలిన పచ్చసొనను కడుపులోనికి, పెంకుపొరలోని నెత్తురును ఒంటిలోనికి లాగుకొనుచుండును. జాలిపడి పెంకును ఒలిచినచో నెత్తురు కారి పిల్ల చచ్చును. మూత తెరచినచో తేమ పోయి తక్కినవాని పొరలు ఎండి బిగుసుకొనును. లేచిన పిల్లలు ఆరి, నూగు విచ్చుకొను వఱకు లోననే యుండవచ్చును. పచ్చసొన బలముచే రెండు దినములు మేత లేకయే అవి నిలువగలవు.

పిల్లల సంరక్షణ

తల్లి దొరకనిచో మొదటి వారము 35 డిగ్రీల వేడి కావలయును. వారమునకు సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. పిల్లలు ఒకచో గుంపుకట్టినచో చలి యనియు, దీపమునకు దూరముగా పోయి నోళ్లు తెరచినచో వేడి యనియు గ్రహింపుడు. సన్నని నూకలు, మంచినీరు, దొరికినపుడు చెదపురుగులు మేతగా నీయవచ్చును. మొదటి వారమున కొక్కెర తెగులు టీకాచుక్కను పశువైద్యశాలవారిచే తప్పక వేయింపవలయును. పొదిగించుటలోని శ్రమ యంతయు ఈ ఒక్క తెగులుచే ఒక్క వారమున వ్యర్థము కావచ్చును.

లేవని గ్రుడ్లను పారవేయక పగులగొట్టి చూడుడు. ఎక్కువ వట్టివైనచో పుంజును, ఆదిలోనే చచ్చినవైనచో నిలువ గ్రుడ్లను గాని వేడిని గాని, నిండుగా పెరిగి పెంకులోనే చచ్చినవైనచో చివరి దినముల తేమను, గాలిని అనుమానింపవలయును. మొదటిసారి సగమే పిల్లలైనను నిరుత్సాహము వలదు. నాలుగైదు ఇండ్లవారు కలిసి ఒక పెట్టెను కొని, ఎవరి గ్రుడ్లకు వారి గుర్తు పెట్టుకొని, ప్రతి విడతకును పెట్టెను కడిగి ఎండలో ఆరబెట్టి వాడుకొన్నచో వ్యయము తగ్గును. రాత్రి మేలుకొని కనిపెట్టుటకును వంతులు కుదురును.