చప్పుడు చేసే చెరుపు

కాలుష్యం అనగానే మనకు పొగ, మురికినీళ్లు గుర్తుకొస్తాయి. శబ్దం కూడా కాలుష్యమే అంటే మనలో చాలామందికి నవ్వొస్తుంది. కొండల మధ్య ఉన్న మన హాస్టలుకి ఆ బాధ ఏమిటి, అది పట్నం వాళ్ల గొడవ కదా అంటారు. అందుకే ఈ విషయం గురించి చదివి, సైన్సు సారుని అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60 డెసిబెల్స్. ఈ కొలత మన జామెట్రీ బాక్సులో స్కేలు లాంటిది కాదు. 60 నుంచి 70కి పెరిగితే శబ్దశక్తి 10 రెట్లు అయినట్టు. 80కి పెరిగితే 100 రెట్లు. మీటరు లేకపోయినా ఒక గుర్తు ఉంది. 3 అడుగుల దూరంలో ఉన్నవాడితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే అక్కడ చప్పుడు 85 డెసిబెల్స్ దాటి ఉండొచ్చు. అలాంటి చోట రోజూ 8 గంటలు, ఏళ్ల తరబడి ఉంటే వినికిడి దెబ్బతింటుంది.

అయితే మిత్రులారా, నష్టం చెవికి ఒక్కదానికే కాదు. మనం నిద్రపోయినా చెవి నిద్రపోదు. చప్పుడు వినబడగానే మెదడు ఏదో ప్రమాదం వచ్చిందనుకుంటుంది. అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. గుండె వేగం, బి.పి. పెరుగుతాయి. మెలకువ రాకపోయినా ఇదంతా లోపల జరుగుతుంది. ఒక్క రాత్రయితే ఫరవాలేదు. ఏళ్ల తరబడి ఇలాగే జరిగితే గుండె జబ్బు వచ్చే ముప్పు పెరుగుతుంది. "మాకు అలవాటైపోయింది" అంటాం. మనసుకి అలవాటవుతుంది గాని, గుండెకి పూర్తిగా అలవాటు కాదు.

మరి ఈ నష్టాన్ని లెక్క కట్టేదెలా? ముందు ఒక చోట పగలు ఎంత చప్పుడు, రాత్రి ఎంత చప్పుడు అని కొలుస్తారు. యూరప్ దేశాల్లో రాత్రి చప్పుడుకి 10 డెసిబెల్స్ అదనంగా కలిపి లెక్కేస్తారు, ఎందుకంటే రాత్రి చెరుపు ఎక్కువ. తర్వాత ఎంతమంది దాని మధ్య బతుకుతున్నారో చూస్తారు. అంత చప్పుడులో ఎంతమందికి నిద్ర చెడుతుంది, ఎంతమందికి గుండె జబ్బు వస్తుంది అనేది పరిశోధనల నుంచి తీసుకుని, మొత్తం ఎన్ని ఆరోగ్యకరమైన సంవత్సరాలు పోయాయో చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇలా లెక్క కట్టింది. పశ్చిమ యూరప్‌లో ఏటా కనీసం 10 లక్షల ఆరోగ్య సంవత్సరాలు చప్పుడు వల్ల పోతున్నాయని తేలింది. అందులో 9 లక్షలు నిద్ర చెడటం వల్లే!

మన చదువు సంగతి చూద్దాం. న్యూయార్క్‌లో ఒక బడి పక్క నుంచే రైలు వెళ్లేది. సుమారు నాలుగున్నర నిమిషాలకొకటి. బ్రాంజాఫ్ట్, మెకార్తీ అనే ఇద్దరు పరిశోధకులు 1975లో ఆ బడి గురించి రాశారు. రైలు వైపు గదుల్లో కూర్చునే పిల్లలు చదవడంలో అవతలి వైపు పిల్లల కంటే వెనకబడ్డారు. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ తేడా దాదాపు ఒక ఏడాది! తర్వాత పట్టాల కింద రబ్బరు వేశారు, గదుల పైకప్పుకి శబ్దం పీల్చే పలకలు బిగించారు. 1981 నాటికి రెండు వైపుల పిల్లలూ సమానమయ్యారు. జర్మనీలో మ్యూనిక్ విమానాశ్రయాన్ని 1992లో ఇంకో చోటికి మార్చారు. పాత చోట పిల్లల జ్ఞాపకశక్తి, చదవడం మెరుగుపడ్డాయి. కొత్త చోట తగ్గాయి. అంటే మొద్దుతనం పిల్లల్లో లేదు, చప్పుడులో ఉంది. చప్పుడు తీసేస్తే చదువు తిరిగొస్తుంది.

మన దేశంలో 2000 సంవత్సరంలో శబ్ద కాలుష్య నిబంధనలు వచ్చాయి. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకులు పెట్టకూడదు. పండగల కోసం ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా అనుమతి ఇవ్వొచ్చు. ప్రభుత్వం ప్రకటిస్తే బడి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం అవుతుంది. అక్కడ పగలు 50, రాత్రి 40 మాత్రమే.

"మరి మన థింసా డప్పు, తుడుము చప్పుడు కాదా?" అని అడుగుతారేమో. అదీ చప్పుడే. కాని అది ఆటకి వచ్చినవాళ్లు కోరుకున్నది, తెల్లారితే ఆగేది. రోజూ స్టడీ అవర్‌లో కిటికీ పక్కన మోగే జనరేటర్ అలాంటిది కాదు. అది మోగితే సారు చెప్పే లెక్క చివరి వరసకి వినబడదు. సిక్ రూంలో జ్వరంతో పడుకున్నవాడికి నిద్ర ఉండదు.

కనుక వార్డెన్ గారికి మనవి. జనరేటర్‌ని వంటశాల వెనక్కి మార్పించండి. స్టడీ అవర్‌లో టి.వి. ఆపించండి. మనం కూడా రాత్రి 10 తర్వాత పళ్లేలు, బకెట్లు మోగించొద్దు. ప్రతి డార్మిటరీలో ఒక నోట్ బుక్ పెడదాం. తేది, వేళ, ఏ చప్పుడు, ఎంతసేపు, ఎంతమంది లేచారు అని నెల రోజులు రాద్దాం. ఊరికే గొడవగా ఉంది సార్ అంటే ఎవరూ పట్టించుకోరు. లెక్క చూపిస్తే వింటారు. పబ్లిక్ పరీక్షలకి ముందే ఈ పని మొదలుపెడితే పదో తరగతి అన్నలకి, అక్కలకి మేలు చేసినవాళ్లమవుతాం.

— 9వ తరగతి విద్యార్థి